కస్టమ్ మోడల్ హార్స్: బొమ్మ గుర్రానికి ఒళ్ళు, రంగు, పేరు

ఈ ఎపిసోడ్ బొమ్మ గుర్రాల గురించి. నిజమే, సరిగ్గానే విన్నారు. పోయిన వారం ఫోన్ బ్యాటరీ గురించి చెప్పినోడు ఈ వారం గుర్రాల మీద పడ్డాడేంటి అనుకుంటారని తెలుసు. నా వెనకాల షెల్ఫ్‌లో కనపడే గుర్రాలు ఏంటని చాలామంది అడుగుతా ఉన్నారు, దానికి జవాబు ఇది. కొంచెం పొడుగు ఎపిసోడ్, చదివేవాళ్ళ కోసం ఎప్పటిలాగే మాటలన్నీ ఇక్కడ టైప్ చేసి పెడుతున్నా.

ముందు ఈ హాబీ ఎక్కడిదో చెప్తా. 1950లో అమెరికాలోని షికాగోలో బ్రేయర్ అనే ప్లాస్టిక్ మోల్డింగ్ కంపెనీకి ఒక గడియారాల కంపెనీ నుంచి ఆర్డర్ వచ్చింది. గడియారం పక్కన అందంగా నిలబెట్టడానికి ఒక గుర్రం బొమ్మ కావాలని. చేసిచ్చారు. జనం ఏం చేశారంటే, గడియారం వద్దు, ఆ గుర్రం ఒక్కటే అమ్ముతారా అని అడగడం మొదలుపెట్టారు. అప్పటినుంచి బ్రేయర్ అంటే గుర్రాలే. కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ దగ్గర 1990 నుంచి వీటికోసం బ్రేయర్‌ఫెస్ట్ అని ఏటా పెద్ద తిరునాళ్ళే జరుగుతుంది.

కొన్నవాళ్ళలో కొందరికి ఒక బుద్ధి పుట్టింది. ఫ్యాక్టరీ గుర్రం అందరి దగ్గరా ఒకేలా ఉంటుంది కదా, నా గుర్రం నాలాగే ఉండాలి అని. కాలు కోసి, వేడి చేసి వంచి వేరే భంగిమలో అతికించడం, పుట్టీతో చెవులు, కండలు కొత్తగా చెక్కడం, పాత రంగంతా గీకేసి మళ్ళీ వేయడం, ప్లాస్టిక్ జూలు తీసేసి నిజమైన వెంట్రుకలు పెట్టడం. చివరికి దానికో పేరు, అమ్మానాన్నలు ఎవరో, ఏ జాతో కూడా రాసిపెట్టడం. ఇదే కస్టమ్. ఇట్లాంటి గుర్రాలకి పోటీలు పెడతారు. జడ్జి చూసేది ఒక్కటే: దీన్ని ఫోటో తీస్తే నిజం గుర్రం అనుకుంటామా, లేదా?

ఇంత వరకూ విని, కళ్యాణదుర్గంలో కూర్చుని దీంతో మనకేం పని అంటారు. మా పక్క వానలు తక్కువ, శెనగచేలు, గొర్రెల మందలు ఎక్కువ. నిజం గుర్రం కనపడేది పెళ్ళి ఊరేగింపులో. లేదంటే బ్రహ్మోత్సవాల్లో అశ్వవాహనం మీద స్వామి వచ్చినప్పుడు. అది కూడా కొయ్య గుర్రమే, గమనించండి. రంగు వేసి, కళ్ళు దిద్ది, కళ్ళెం తొడిగిన మోడల్ హార్స్. దానికి దండం పెట్టే మనమే బొమ్మ గుర్రం అనగానే చిన్నపిల్లల వ్యవహారం అంటాం.

పైగా ఈ నేలకి గుర్రం పిచ్చి కొత్త కాదు. పెనుకొండ, మా దుర్గం అంతా విజయనగర రాజ్యమే కదా. ఆ రోజుల్లో న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసిన దాని ప్రకారం, విజయనగర రాజు ఏటా హోర్ముజ్ నుంచి వచ్చే గుర్రాలు 13,000 కొనేవాడు. ఇంకా విచిత్రం, సాళువ నరసింహ రాయలు చచ్చిన గుర్రాలకి కూడా డబ్బులిచ్చేవాడట. ఓడలో చచ్చిపోతే తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రం రేటే. రిటర్న్ పాలసీ ఇంత బాగా ఉన్న కస్టమర్ ఇప్పుడు కూడా దొరకడు.

సరే, పనిలోకి వద్దాం. మొదటి ప్రశ్న, ఒళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? బ్రేయర్‌లో పెద్ద సైజుని ట్రెడిషనల్ అంటారు, అది నిజం గుర్రంలో తొమ్మిదో వంతు. అంటే నిజం గుర్రం వీపు దగ్గర నూటయాభై సెంటీమీటర్లుంటే, బొమ్మ దాదాపు పదిహేడు. చిన్నవి స్టేబుల్‌మేట్స్, ముప్పై రెండో వంతు, అరచేతిలో పడతాయి. కొత్తవాళ్ళకి చిన్న సైజే మేలు. బయట నుంచి తెప్పిస్తే షిప్పింగ్, కస్టమ్స్ డ్యూటీ కలిపి బొమ్మ ధర కంటే ఎక్కువయ్యేలా ఉంటుంది. కాబట్టి నేను సంతలో, ఫ్యాన్సీ షాపులో దొరికే ప్లాస్టిక్ గుర్రాలతోనే నేర్చుకోమంటా.

కానీ ఆ ప్లాస్టిక్ ఏ రకమో తెలుసుకోవాలి. చిన్న ముక్క కోసి నీళ్ళలో వేయండి. తేలితే అది పాలిథిలిన్ లాంటిది, దాని మీద ఏ రంగూ సరిగ్గా నిలబడదు, గోరుతో గీకితే పొరలా లేచొస్తుంది. మునిగితే నయం. మునిగినా, నొక్కితే రబ్బరులా మెత్తగా ఉందంటే అది మెత్తటి పీవీసీ, దాంట్లోని నూనెలాంటి కెమికల్ మెల్లగా పైకొచ్చి రంగుని ఏళ్ళ తర్వాత కూడా జిగటగా చేస్తుంది. గట్టిగా ఉండి మునిగేది తీసుకోండి. మీ దగ్గర అసలు బ్రేయరే ఉంటే దాన్ని నెయిల్ పాలిష్ రిమూవర్‌తో మాత్రం తుడవొద్దు. అది సెల్యులోజ్ ఎసిటేట్, అసిటోన్ తగిలితే కరిగిపోతుంది.

ఇంకో దారి కొయ్య. స్క్రీన్ మీద చూపిస్తున్న ఈ గుర్రం మా ఊరి వడ్రంగి ఒకాయన వేప చెక్కలో చేసింది. నేను ఫోన్లో రకరకాల కొలతలు చూపిస్తా ఉంటే, ఆయన ఒక్కటే మాట అడిగాడు: "తల ఎంతుండాల అప్పా?" తల పొడవు చెప్తే మిగతాదంతా దాన్నుంచి తీసుకుంటాడంట. నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే గుర్రాల బొమ్మలు గీసేవాళ్ళకి ప్రపంచమంతా నేర్పే రూలు అదే. తల పొడవుని ఒక యూనిట్ అనుకుంటే గుర్రం ఎత్తు సుమారు రెండున్నర తలలు, ఛాతీ నుంచి పిరుదు దాకా పొడవు కూడా సుమారు రెండున్నర తలలు. మన శిల్పులు దేవుడి విగ్రహాలకి వాడే తాళమానం కూడా ఇదే లెక్క, ముఖం పొడవే కొలబద్ద.

అట్లాగే కొండపల్లి బొమ్మలు. తెల్లపొణికి కొయ్యని చెక్కుతారు. కాళ్ళు, చేతులు వేరేగా చేసి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అదే మక్కుతో సందులు నింపి ఆకారం దిద్దుతారు. ఎండాక సుద్ద పూత. ఆ తర్వాతే రంగు. ఇప్పుడు అమెరికాలో కస్టమ్ చేసేవాళ్ళ వీడియో పెట్టి చూడండి: ఎపాక్సీ పుట్టీతో అతకడం, సందులు నింపడం, ప్రైమర్ కొట్టడం, ఆ తర్వాత రంగు. మక్కు స్థానంలో ఎపాక్సీ, సుద్ద స్థానంలో ప్రైమర్. వరస ఒక్కటే. అందుకే నేను ఇంట్లో ఎపాక్సీని కూడా మక్కు అనే పిలుస్తా. మనకి మన ఎం-సీల్ ఉండనే ఉంది, రెండు ముద్దలు కలిపి పిసకడమే. గ్లౌజులు వేసుకోండి, ఎండాక సాండ్ పేపర్ రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

గుర్రం కాలు గురించి ఒక్క విషయం తెలిస్తే సగం తప్పులు పోతాయి. ముందు కాలికి మధ్యలో మనం మోకాలు అనుకునేది నిజానికి దాని మణికట్టు. వెనక కాలికి వెనక్కి వంగి కనపడేది దాని మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది. గిట్ట అంటే ఒకే ఒక వేలి గోరు. గుర్రం నాలుగు నడిమి వేళ్ళ కొసల మీద నిలబడి ఉందన్నమాట. ఇది మనసులో పెట్టుకుని చూస్తే కాలు ఎక్కడ వంచాలో మీకే తెలుస్తుంది.

పరిగెత్తే గుర్రం చేయాలనుకునే వాళ్ళకి ఇంకో మాట. పాత చిత్రాల్లో చాలా చోట్ల ముందు కాళ్ళు ముందుకి, వెనక కాళ్ళు వెనక్కి చాచి గాల్లో ఎగిరే గుర్రాలు ఉంటాయి. నిజంగా అట్లా ఎగరదు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ వరుసగా కెమెరాలు పెట్టి పరుగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీశాడు. నాలుగు కాళ్ళూ నేల వదిలే క్షణం ఉంది, కానీ అప్పుడు కాళ్ళు చాచి ఉండవు, పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయి. ఇప్పుడు మీ ఫోన్లో స్లో మోషన్ ఉంది, పరుగు పందెం వీడియో ఒకటి ఆపి ఆపి చూసుకోండి.

ఇప్పుడు రంగు. నాకు బాగా ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇది అచ్చం కోడే. గుర్రం రంగు అంటే "బ్రౌన్" డబ్బా తెచ్చి పూసేయడం కాదు. లోపల జీన్స్ స్విచ్‌ల లాగా పనిచేస్తాయి. మొదటి స్విచ్ పేరు ఎక్స్‌టెన్షన్: ఒంట్లో నల్ల రంగు తయారవ్వాలా, వద్దా? వద్దు అంటే గుర్రం మొత్తం ఎర్ర గోధుమ రంగు, జూలు, తోకతో సహా. దీన్ని చెస్ట్‌నట్ అంటారు, ఎక్కడా నలుపు వెంట్రుక ఉండకూడదు. కావాలి అంటే రెండో స్విచ్ దగ్గరికి పోవాలి, దాని పేరు అగౌటి: ఆ నలుపుని ఒళ్ళంతా ఉంచాలా, కొసలకే పరిమితం చేయాలా? ఒళ్ళంతా అయితే నల్ల గుర్రం. కొసలకే అయితే ఒళ్ళు గోధుమ, జూలు, తోక, కాళ్ళ కింది భాగం, చెవుల అంచులు నలుపు, అదే బే. ఇఫ్, ఎల్స్, అంతే. సంతలో దొరికే బొమ్మల్లో ఎర్ర ఒళ్ళు, నల్ల జూలు వేసి, కాళ్ళు మాత్రం ఎర్రగా వదిలేస్తారు. అది కంపైల్ అవ్వదు.

తెల్ల గుర్రం ఇంకా తమాషా. మన పెళ్ళిళ్ళలో చూసేవి రెండు రకాలు. ఈసారి పెళ్ళికి పోతే డీజే పాట వదిలేసి గుర్రం ముక్కు చూడండి. ముక్కు చుట్టూ చర్మం గులాబీగా ఉంటే అది పుట్టుకతో తెల్లది, ఇటువంటివాటిని నుక్రా అంటారు. చర్మం నల్లగా ఉంటే అది గ్రే: పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి, ఏటేటా తెల్లబడుతూ వచ్చింది. రెండింటినీ ఒకే తెల్ల రంగు డబ్బాతో వేస్తే రెండూ అబద్ధంలానే ఉంటాయి. గ్రేకి ముక్కు దగ్గర, కళ్ళ చుట్టూ బూడిద నలుపు లోపలి నుంచి కనపడాలి.

మచ్చల్లో మనకంటూ ఒక పేరుంది, పంచకళ్యాణి. నాలుగు కాళ్ళూ కింద తెలుపు, ముఖం మీద తెలుపు, కలిపి ఐదు. పాత కథల్లో రాజకుమారుడు ఎక్కేది ఎప్పుడూ ఇదే. బొమ్మకి ఈ డిజైన్ వేసేటప్పుడు రెండు గుర్తుపెట్టుకోండి. తెల్ల మచ్చ కింద చర్మం గులాబీ ఉంటుంది, కాబట్టి మూతి దాకా తెలుపు వస్తే అక్కడ గులాబీ కనపడాలి. తెల్ల కాలికి గిట్ట కూడా సాధారణంగా లేతగానే ఉంటుంది. మచ్చ అంచు గీత గీసినట్టు ఉండకూడదు, వెంట్రుకలు కలిసినట్టు చిన్న చిన్న గీతలతో కలపాలి. ఇంకా శ్రద్ధ ఉంటే నుదుటి మీద ఒక సుడి గీయండి. ఎద్దుని కొనేటప్పుడు మన పెద్దలు సుడులు చూస్తారు కదా, గుర్రానికీ చూసేవాళ్ళు.

రంగు వేసే పద్ధతి సింపుల్. నీళ్ళలా పల్చగా చేసిన అక్రిలిక్, ఒక్కో పూత ఆరాక ఇంకోటి. పది పల్చటి పూతలు ఒక మందం పూత కంటే మేలు. బేకి మొదట పసుపు, దాని మీద నారింజ, దాని మీద గోధుమ, ఆఖరికి నలుపు. కింది రంగు పై నుంచి కొంచెం కనపడితేనే వెంట్రుకల మెరుపు వస్తుంది. నీడల కోసం పాస్టెల్ చాక్‌ని పొడి చేసి, మెత్తటి బ్రష్‌తో అద్ది, మ్యాట్ వార్నిష్ స్ప్రేతో నిలబెడతారు. స్ప్రేకి మాస్క్ తప్పదు, ఇంట్లో కొట్టొద్దు. కన్ను ఆఖర్న. గుర్రం కనుపాప అడ్డంగా ఉంటుంది, మనలాగ గుండ్రం కాదు. ముదురు గోధుమ వేసి, ఒక్క చుక్క గ్లాస్ వార్నిష్ పెడితే తడిగా మెరుస్తుంది. ఆ ఒక్క చుక్క తేడా స్క్రీన్ మీద ముందు, తర్వాత పెట్టి చూపిస్తున్నా.

మా ఊరి వాతావరణం గురించి కూడా చెప్పాలి. గాలి మాకు కొదవ లేదు, ఊరు దాటితే గాలిమరలు. ఆ గాలి దుమ్ముని తెచ్చి తడి వార్నిష్ మీద పెడుతుంది. అందుకే నేను తెల్లవారుజామున వేస్తా, ఆరేదాకా మీద పాత ప్లాస్టిక్ డబ్బా బోర్లిస్తా. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్రిలిక్ ప్లేట్లోనే గట్టిపడుతుంది. మూత ఉన్న టిఫిన్ డబ్బాలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు అక్కడ పెట్టుకోండి. రెండు రోజులు తడిగా ఉంటాయి.

జూలుకి విదేశాల్లో మోహెయిర్ వాడతారు, అది అంగోరా మేక వెంట్రుక. మా దగ్గర నల్ల కంబళి ఉన్ని ఉంది. కొంచెం ముతక, కానీ షాంపూతో కడిగి, దువ్వి, తడి వేళ్ళతో సాగదీస్తే నల్ల గుర్రానికి, బేకి చక్కగా కుదురుతుంది. చిన్న సైజు బొమ్మలకి మాత్రం పనికిరాదు, పోచ లావు. వాటికి పుట్టీతో చెక్కిన జూలే మంచిది.

ఫోటో దగ్గర మీరే నాకంటే బాగా చేస్తారు. కెమెరా గుర్రం కంటి ఎత్తులో, వీలైతే దానికంటే కిందకి. పై నుంచి తీస్తే ఏ గుర్రమైనా బొమ్మే. దగ్గరికి పోకుండా కొంచెం వెనక్కి జరిగి జూమ్ చేయండి, లేకపోతే మూతి పెద్దదై ఒళ్ళు చిన్నదవుతుంది. పొద్దున, సాయంత్రం ఎండ పక్క నుంచి పడేటప్పుడు తీయండి. సెట్టింగ్‌కి డబ్బులు పెట్టొద్దు. తొమ్మిదో వంతు బొమ్మ పక్కన ఐదు సెంటీమీటర్ల గులకరాయి పెడితే అది నలభై ఐదు సెంటీమీటర్ల బండ. మా కొండల రాళ్ళు, ఎర్రమట్టి, ఎండిన గడ్డి, ఇంకేం కావాలి?

ఇక పేరు. అమెరికాలో రేసు గుర్రాలకి జాకీ క్లబ్ రూలు ఉంది, ఖాళీలతో కలిపి పద్దెనిమిది అక్షరాలు దాటకూడదు. మోడల్ వాళ్ళలో చాలామంది కూడా దాన్ని సరదాగా పాటిస్తారు. తండ్రి పేరులో సగం, తల్లి పేరులో సగం కలపడం అక్కడి అలవాటు. తెలుగులో అయితే లెక్క దగ్గర ఒక గొడవ ఉంది. పంచకళ్యాణి అంటే మన నోటికి ఐదు అక్షరాలు. కంప్యూటర్‌కి పది, ఎందుకంటే యూనికోడ్‌లో సున్నా, గుడి, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. నేను నోటి లెక్కే తీసుకుంటా.

పేర్లకి మనకి కరువు లేదు. శ్రీకృష్ణుడి రథానికి కట్టిన నాలుగు గుర్రాలు శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, వలాహకం. మేఘపుష్పం అనే మాటని మా కరువు సీమలో ఒక గుర్రానికి పెట్టుకోవడం నాకు భలే నచ్చుతుంది. సూర్యుడి ఏడు గుర్రాల పేర్లు ఛందస్సుల పేర్లే: గాయత్రి, బృహతి, ఉష్ణిక్, జగతి, త్రిష్టుప్, అనుష్టుప్, పంక్తి. సినిమా అయితే మగధీరలో కాలభైరవుడి గుర్రం బాద్‌షా. ఇంక ఉచ్చైశ్రవం సంగతి ప్రత్యేకం. ఒళ్ళంతా తెల్లగా ఉండే ఆ గుర్రం తోక నల్లగా ఉందని కద్రువ పందెం కాసి, గెలవడానికి తన కొడుకులైన పాములని ఆ తోకకి చుట్టుకోమంది. వినత ఓడి దాసి అయింది. నాకు తెలిసి మన కథల్లో మొదటి కస్టమ్ పని అదే, అదీ చెప్పకుండా చేసింది.

చెప్పకుండా చేయడం అన్నాను కాబట్టి ఈ హాబీలో నాకు బాగా గౌరవం ఉన్న ఒక పద్ధతి గురించి చెప్పాలి. అక్కడ ఏ గుర్రం ఫోటో పెట్టినా రెండు పేర్లు రాస్తారు: ఆకారం చెక్కింది ఎవరు, రంగు వేసింది ఎవరు. బ్రేయర్ పాత గుర్రాల్లో ఎక్కువ భాగం చెక్కింది క్రిస్ హెస్ అనే ఆయన, ఇప్పటికీ ఆయన పేరు తలుచుకుంటారు. మన దగ్గర? ఏటికొప్పాక లక్క బొమ్మలకి మళ్ళీ చెట్ల రంగులు తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మా జిల్లా పక్కనే నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో వచ్చింది. వాళ్ళ పేర్లు తెలుసు, సంతోషం. కానీ మీ ఇంట్లో షోకేసులో ఉన్న కొండపల్లి బొమ్మ ఎవరు చెక్కారో మీకు తెలుసా? మా ఇంట్లో దానికి నాకూ తెలీదు, ఎక్కడా రాసి లేదు.

రంగు వేయని బొమ్మ కావాలని చేతిపని వాళ్ళని అడిగితే, దయచేసి "రంగు లేదు కదా, సగం ఇస్తా" అనొద్దు. రంగు ఆఖరి రోజు పని. చెక్కడం, ఆరబెట్టడం, అతకడం, నునుపు చేయడం, వారాల పని దాని ముందే అయిపోయింది. మీరు రంగేసి అమ్మినా, ఊరికే ఫోటో పెట్టినా, చెక్కినాయన పేరు ముందు రాయండి.

మా వడ్రంగి ఆయన్ని సంతకం పెట్టమంటే మొదట నవ్వాడు. తలుపులకి, మంచాలకి ఎవరైనా సంతకం పెడతారా అన్నాడు. తర్వాత చెవి మీద పెన్సిల్ తీసి, పొట్ట కింద చిన్నగా రాశాడు, నేను దాని మీద ఒక పూత వార్నిష్ వేశా చెరిగిపోకుండా. ఇదిగో, క్లోజప్‌లో చూడండి. ఆయన పేరు పైన, నా పేరు కింద. మధ్యలో గుర్రం పేరు. బే ఒళ్ళు, నాలుగు తెల్ల కాళ్ళు, నుదుటి నుంచి మూతి దాకా తెల్ల పట్టీ, కంబళి ఉన్ని జూలు. పేరు మేఘపుష్పం.

వచ్చే ఎపిసోడ్‌లో గ్రే గుర్రం ఒంటి మీద గుండ్రటి మచ్చలు ఎట్లా వేయాలో మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తా. బ్రష్ సున్నా నంబరుది ఒకటి తెచ్చి పెట్టుకోండి.